మా గడప ముందు ఎనిమిదో స్థలం

మొన్నొక మధ్యాహ్నం మా వీధి చివర ఎవరో ఎండిన ఈతమట్టలు కుప్పపోసి కాలబెట్టారు. కొంచెం చేదుగా, కొంచెం తీపిగా, గొంతులో గరగరలాడే ఆ పొగ కిటికీలోంచి వచ్చి నేను రాసుకుంటున్న కాగితాల మీద పరుచుకోగానే నాకు మళ్లీ పదేళ్లు వచ్చాయి. నుదుట బూడిద, కడుపులో ఆకలి, పక్కన మా చెల్లె లూర్దు. అన్ని బూడిదలూ ఒకటేనని సభల్లో వాదించి చప్పట్లు కొట్టించుకున్న మనిషిని నేను. అయినా తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఈతాకులు కాల్చి నాకు పెట్టిన బూడిద బొట్టు చెమటకు కారి ముక్కు మీదికి వచ్చేదనీ, లూర్దు నుదుట మాత్రం పొద్దుగూకేదాకా అచ్చు గుద్దినట్టు నిలిచేదనీ తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది.

మా ఊరు నార్కట్‌పల్లికి నాలుగు కోసుల లోపల, రాతిగుట్టల నడుమ ఉండేది. పైన నిజాం రాజ్యం, దాని కింద దొర రాజ్యం, ఆ కింద మా వాడ. వాడలో ఉన్న ఇరవై ఇళ్లూ క్రైస్తవులవే, ఎవరికీ గుంటెడు భూమి లేదు. గురువు ఏడాదికి నాలుగైదుసార్లు ఎడ్లబండి మీద వచ్చి పూజ చేసి, చేసిన పాపాలు ఒప్పుకునే మా పాపసంకీర్తనాలు విని వెళ్లేవాడు. మిగతా రోజుల్లో జపాలు చెప్పించేవాడూ, పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించేవాడూ ఉపదేశి తాత ఒక్కడే. మోదుగులు పూసి గుట్టలు ఎర్రబడే వేళకు తపస్సుకాలం వచ్చేది. నలభై రోజులూ ఒక్కపొద్దు. పిల్లలకు మినహాయింపు ఉందని గురువు చెప్పినా మా అవ్వ దగ్గర ఆ మాట చెల్లేది కాదు. పొద్దంతా మంచినీళ్లు, సాయంత్రం జపమాల అయ్యాక జొన్న గటక, ఎండుమిర్చి కాల్చి నలిపిన పచ్చిపులుసు. ఆ మిరపకాయల ఘాటుకు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, గిన్నె అడుగు వేలితో నాకుతూ తినేవాళ్లం. శుక్రవారాలు కూర, అంటే మాంసం, ముట్టడం మహాపాపం.

మా బాపు ప్రతి ఏడూ ఒకటే మాట అనేవాడు. "యాడాదిల రెండుసార్లు కూర తినెటోళ్లం. మనకు గుడ మానుకొమ్మనుడేందే అవ్వా?"

"నోరు మూస్కో. లేక మానుడు వేరు, ఉండంగ మానుడు వేరు," అనేది అవ్వ.

గుడి లేని వాడ కనుక సిలువ మార్గం ఇళ్ల మీదే నడిచేది. యేసు సిలువ మోసిన దారిలోని పద్నాలుగు స్థలాలకు పద్నాలుగు గడపలు. తపస్సుకాలం ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ పద్నాలుగింటిలో ప్రతి ఇల్లూ వాకిలి ఎర్రమట్టితో అలికి, ముగ్గు పెట్టకుండా ఖాళీగా వదిలి, తలుపుకు గంజితో అంటించిన కాగితపు పటం ముందు ఒక ప్రమిద పెట్టేది. ఎండ చల్లబడ్డాక ఉపదేశి తాత కర్రసిలువ ఎత్తుకుని ముందు నడిస్తే, వెనక వాడ మొత్తం మోకాళ్ల మీద పడుతూ లేస్తూ కదిలేది. ఎనిమిదో స్థలం మాది. యేసునాథుడు దారిలో ఏడుస్తున్న ఆడవాళ్లను చూసి, నాకోసం కాదు, మీకోసం, మీ బిడ్డలకోసం ఏడవండని చెప్పిన చోటు. ఏ గడప ముందు ఆగితే ఆ ఇంటి మనిషే సువిశేషంలోని ఆ భాగం చదవాలి, అది వాడ కట్టు. మా ఇంట్లో అక్షరాలు వచ్చినవాళ్లం ఇద్దరమే, నేనూ, నాకంటే రెండేళ్లు చిన్నదైన లూర్దూ.

చదివేది లూర్దు. నేను దానికంటే వేగంగా, ఒక్క ఒత్తు పోకుండా చదవగలను. అది నత్తలా చదివేది, మధ్యలో ఆగేది. అది ఆగిన చోటల్లా ఎవరో ఒక ఆడమనిషి ముక్కు చీదేది. తెల్లవారకముందే దొర గడికి వెట్టికి పోయి నడుము విరిగి వచ్చిన ఆడవాళ్లు, మీ బిడ్డలకోసం ఏడవండనే మాట దాని గొంతులో వినగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. తర్వాత దాని తల నిమిరి మెటికలు విరిచేవాళ్లు. అవ్వ తన గటకలో సగం దాని గిన్నెలో వేసేది. నేను పక్కన దీపం పట్టుకుని నిలబడి ఆ గిన్నెనే చూసేదాన్ని.

యేసు సిలువ మీద ప్రాణం విడిచిన పెద్ద శుక్రవారానికి చుట్టుపక్కల నాలుగూళ్ల వాళ్లు వచ్చేవాళ్లు. ఆ ఏడు ఆ రోజు చదువు నాకు కావాలని ఉపదేశి తాతను అడిగాను.

"నువ్వు చదివితె తప్పు పోదు బిడ్డా," అన్నాడాయన. "అది చదివితె కన్నీళ్లు ఆగయి. నువ్వు దీపం పట్టు."

పెద్ద శుక్రవారానికి వారం ముందు, మ్రానికొమ్మల ఆదివారానికి ముందటి శుక్రవారం నాడు గడికి తాలూకా అధికారులు విందుకు వచ్చారు. అమ్మతోపాటు మమ్మల్నీ నీళ్లు మోయడానికి పిలిచారు. పొద్దున్నుంచి బావికీ వంటశాలకూ మధ్య తిరిగాం. మసాలా వేగే వాసన, నెయ్యి వాసన, వేటమాంసం ఉడికే వాసన కడవలతోపాటు మా వెంట తిరిగాయి. పొద్దు వాలేవేళ వంటమనిషి మమ్మల్ని పిలిచి, అధికారుల విస్తళ్లకు పోగా మిగిలిన రెండు ముక్కలు మోదుగాకులో పెట్టి ఇచ్చాడు. గడ్డివాము వెనక్కి పోయాం. శుక్రవారమని ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరం తిన్నాం. వేళ్లు నాకి, ఆకు నాకి, ఇసుకతో చేతులు తోముకుని, సిలువ మార్గం వేళకు ఇంటికి వచ్చాం. లూర్దు చదివింది. ఆడవాళ్లు ఏడ్చారు.

ఆదివారం ఉదయం మా అరుగు మీద కూర్చుని అందరం ఈతాకులతో సిలువలు అల్లుతున్నాం. నేను తల ఎత్తకుండానే అన్నాను: "తాతా, శుక్రారం నాడు లూర్దు గడిల కూర తిన్నది."

అవ్వ చేతిలో ఆకు ఆగిపోయింది.

"తిన్నవా బిడ్డా?" అని తాత అడిగాడు.

"తిన్న తాతా."

"ఒక్కదానివేనా?"

లూర్దు నా ముఖంలోకి చూసింది. నేను నా ఆకు చూసుకున్నాను. అది ఇంకో ఆకు తీసి చీల్చడం మొదలుపెట్టింది. గురువు వచ్చేది యేసు తిరిగి లేచిన పాస్కా పండగకు ముందు శనివారం, అంతదాకా పాపసంకీర్తనం లేదు, అది లేకుండా సువిశేషం పట్టుకోవడానికి లేదు. పెద్ద శుక్రవారం చదువు నాకు వచ్చింది.

నాలుగూళ్ల జనం ముందు ఒక్క తప్పు లేకుండా చదివాను. ఎవరి కొంగూ పైకి లేవలేదు. నేను ముగించగానే పొరుగూరి ముసలామె ఒకతె మా అవ్వతో, "ఆ చిన్న పిల్ల యేడున్నదే, జరమొచ్చిందా?" అంది. లూర్దు గుంపు చివర నిలబడి ఉంది. నేను చదివిన మాటలకంటే, అది చదవకపోవడమే వాళ్లకు ఎక్కువ వినిపించింది.

శనివారం గురువు వచ్చాడు. తప్పు లేకుండా చదివిన పిల్ల ఎవరని అడిగాడు. పాస్కా గారెలు చల్లారకముందే నన్ను పట్నంలో మఠకన్యల బడికి పంపే మాట ఖాయమైంది. అక్కడినుంచి గ్రంథాలయం, గ్రంథాలయం నుంచి వాదసభలు, వాదసభల నుంచి నమ్మకాలు వదిలేసిన ఈ బతుకు. లూర్దు కడవ ఎత్తుకుని గడికి పోయింది. దొరలు పోయేదాకా పోతూనే ఉంది. ఆకలితో ఉన్న పిల్ల చేతిలో పడ్డ ముక్క పాపమెట్లా అవుతుందని, ఆ పిల్లతో నీళ్లు మోయించి విందు తిన్నవాడి పాపం సంగతేమిటని నేను తర్వాత ఎన్నో వ్యాసాల్లో అడిగాను. ఆ వాదం ఆ ఆదివారం ఆ అరుగు మీద చేయవలసింది.

పొగ వాసన వచ్చిన వారానికి ఊరికి వెళ్లాను. వాడలో సిమెంటు గుడి ఉంది. పద్నాలుగు స్థలాలూ అద్దాల చట్రాల్లో గోడ ఎక్కాయి. మైకులో ఎవరో అన్నీ ఒక్కరే చదివేస్తున్నారు. తలుపుల మీద పటాలు లేవు, ఎర్రమట్టి వాకిళ్లు లేవు, ఉపదేశి లేడు, అవ్వ లేదు. గడి కప్పు కూలి లోపల తుమ్మలు మొలిచాయి. లూర్దు రేకుల కింద మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. దాని పక్కన కూర్చుని, ఇన్నేళ్లు మోసిన మాట బయటపెట్టాను.

"లూర్దూ, ఆ శుక్రారం నేను గుడ తిన్ననే."

"తిన్నవు గద," అంది అది. "బొక్కముక్క నాకిచ్చి మెత్తటి కండ నువ్వే తీస్కుంటివి."

"మరి తాత అడిగితె ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఇద్దరికీ చదువు బందాయె. గప్పుడు మన గడప కాడ చదివెటోళ్లు ఎవరుండిరక్కా?"

క్షమ అని చెబుతుందనుకున్నాను, దేవుడు చూసుకుంటాడంటుందనుకున్నాను. ఆ రెంటికీ నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. అది అన్నది ఆ రెండూ కాదు. భయం, కోపం, భక్తి అన్నీ పక్కనపెట్టి, జరగవలసిన పని ఏది, దానికి మిగిలినవాళ్లు ఎవరు అని ఎనిమిదేళ్లకే ఆలోచించిన పిల్ల మా ఇంట్లో ఉండింది. బడికి పంపింది మాత్రం నన్ను. మాట పూర్తిచేసి లూర్దు మళ్లీ చింతపండులోకి వేళ్లు పెట్టింది. నేను దాని పక్కనే, పదేళ్లప్పటిలాగే, కుళ్లుకుంటూ కూర్చున్నాను.