రోజుకి ఆరు పరీక్షలు

నాలుగోసారికి గానీ తన లైసెన్సు సంపాదించుకోలేకపోయిన మనిషే, ఇరవై ఎనిమిదేళ్లుగా ఊరందరికీ డ్రైవింగు పరీక్ష పెడుతున్నాడు. ఒక్కరికీ మొహమాటానికి సంతకం పెట్టలేదు. మహమ్మారికి ముందు రోజుకి ముప్ఫైమంది వస్తే పన్నెండుమంది గట్టెక్కేవారు. ఇప్పుడు ఆరుగురే వస్తున్నారు, అయిదుగురు పాసవుతున్నారు. కారు అద్దాలన్నీ దింపించి, మాస్కు మీద మాస్కు కట్టి, వెనక సీటులో మూలకి ఒదిగి కూర్చుంటాడు. "చెయ్యి ధారాళమైందేం బాబాయ్?" అన్నాడు గుమాస్తా. "నా చెయ్యి అలాగే ఉందిరా. ఇది తప్పితే మళ్లీ మూణ్ణెల్లకి గానీ తేదీ దొరకదని వాళ్లే కిందామీదా పడి నేర్చుకొస్తున్నారు."

ఆ మధ్య ఒక నర్సు బండి చక్కగా నడిపి, చివర్లో వెనక్కి చూడకుండా తలుపు తీసింది. ఫెయిల్ రాశాడు. "బస్సుల్లేవు సార్. డ్యూటీకి ఆరు కిలోమీటర్లు నడుస్తున్నా," అందామె. "ఆ తలుపుకి సైకిలతను గుద్దుకుంటే నీ వార్డుకే తెస్తారమ్మా," అన్నాడు. అయినా మర్నాడే, తన సెలవురోజైన వచ్చే ఆదివారాన్ని ఆమెకి మళ్లీ పరీక్ష పెట్టడానికి కేటాయించాడు. శనివారానికల్లా జ్వరంతో ఆమె వార్డులోనే చేరాడు. "నా పరీక్ష ఎగ్గొడదామనా సార్?" అంది నర్సు, ఆక్సిజన్ గొట్టం సరిచేస్తూ. ఆయన నవ్వబోయి దగ్గాడు. ఇంటికెప్పుడు పంపేదీ డాక్టరు చెప్పలేదు. తేదీ తనే ఖాయం చేసుకుని, నర్సు చేత గుమాస్తాకి ఫోను చేయించి, ఆఫీసు తలుపుకి కాగితం అంటింపించాడు: అధికారి తిరిగి విధుల్లో చేరేది నవంబరు పంతొమ్మిది, గురువారం.