రెండో గొట్టం

మా ఆయన కుడి భుజానికి ఆపరేషన్ అయ్యాక తుపాకీ లైసెన్సు నా పేరున తీసుకోవలసి వచ్చింది. మలేసియాలోని బాగన్ దాతుక్‌లో మా ఇంటి చుట్టూ పామాయిల్ తోటే. అడవి పందులు మొదట్లో లేత మొక్కలు పెళ్లగించేవి, తర్వాత వంటింటి గుమ్మం దాకా వచ్చాయి. మా కుక్క పొట్ట చీల్చిన రోజు నుంచి అత్తగారిని పెరట్లోకి ఒంటరిగా వెళ్లనివ్వలేదు.

అయినా తుపాకీ వద్దన్నది ఆవిడే. మా పెద్దలు సింహాచలం వైపు నుంచి ఓడెక్కినవాళ్లు. పూజగదిలో ఉన్నది అప్పన్న పటం. వరాహ నరసింహుడు, పంది మొహం స్వామి.

"దీపం ఎట్టే సేత్తో స్వామి రూపాన్ని కాలుస్తావేటే?" అంది.

"నిన్ను కుమ్మితే స్వామే కుమ్మినాడని మొక్కుతావేటమ్మా?" అన్నారు మా ఆయన.

"మొక్కుతాను. నీకేటి?"

చదువంతా నాకు నాన్న ఇంట్లోనే చెప్పాడు. తోచనప్పుడు దీపం ముందు కూర్చోమనడం కూడా ఆ చదువులోదే. ఆ సాయంత్రం కూర్చున్నాను.

ఈపో పట్నంలో తుపాకులమ్మే చీనా పెద్దాయన ఒంటి గొట్టం తుపాకీ చేతికిచ్చి, కళ్లు మూసుకుని భుజానికెత్తి, అప్పుడు తెరవమన్నాడు. తెరిచేసరికి చూపు తిన్నగా గొట్టం మీదే ఉంది.

"తేలిక. నీకు సరిపోయింది. ఇదే తీసుకో లా," అన్నాడు. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటే.

"నాకు రెండు గొట్టాలది కావాలి."

"బరువే," అన్నారు మా ఆయన.

"మోస్తాను. మొదటి తూటా మట్టిలోకి కాలుస్తాను, పొమ్మని సెప్పడానికి. ఇనకపోతేనే రెండోది."

ముసలాయన పడిపడి నవ్వాడు. "పందికి నోటీసా?" అన్నాడు. కానీ జంట గొట్టాల తుపాకీనే తెచ్చి, నా భుజానికి సరిపడేలా చెక్క పిడి కురచ చేయించాడు.

మొదటి తూటా మట్టిలోకేనని విని అత్తగారు గంధం తీసి, పిడికి దట్టంగా పూసింది. అప్పన్నకి పూసినట్టే.

కొద్ది రోజులకే, తెల్లవారగానే నాకు చెప్పకుండా పూజకి పువ్వులు కోయబోయింది. మందార చెట్టు దగ్గర ఆవిడ, పెరటి చివరి కాలవకి ఇవతల పెద్ద మగ పంది. నాకు కనిపించింది వంటింటి కిటికీలోంచి. బీరువా తెరిచి తుపాకీ తీసి, రెండు తూటాలూ నింపి గుమ్మంలోకి వచ్చాను. ఆవిడకి దూరంగా కాలవ గట్టు మీదికి గురిపెట్టి మొదటిది పేల్చాను. మట్టి లేచింది. పంది కదల్లేదు. నా వైపే చూసింది. రెండో గొట్టం దాని మీదికి తిప్పి, గోవిందా అనుకుని, వేలు ట్రిగ్గర్ మీద ఉంచాను.

పంది తల విదిల్చి, వెనక్కి తిరిగి, తోటలోకి పోయింది.

"ఇన్నాడు," అంది అత్తగారు, పువ్వుల బుట్ట వదలకుండా. "మంచోడు."

రెండో తూటా వెనక్కి తీస్తుంటే కళ్లు నిండాయి. ఆ రోజు నైవేద్యానికి పరమాన్నం వండాను.

ఇప్పుడు ఆవిడ రోజూ ఒక్కతే పెరట్లోకి వెళ్తుంది. పువ్వులు కోసే ముందు తోట వైపు తిరిగి కేకేస్తుంది. "నా కోడలు లోపలే ఉంది లా. సూసుకో."