పెనానికి తలంటు

ఆండర్సన్‌పేటలో చిన్నవెంకటమ్మ దోసెలు తిని పెరిగిన పిల్లలు ఇప్పుడు బెంగళూరు రైల్లో నిలబడి ఉద్యోగాలకు పోతున్నారు. ఊరి బంగారు గనులు మూతపడి భర్తకు పని పోయిన నాటి నుంచి ఆమె ఇంటి వసారాలో పొయ్యి ఆరలేదు. ఆమె ఆస్తి ఒక పోత ఇనుప పెనం. ఏళ్ల తరబడి నూనె తాగి, కాలి, నల్లగా నిగనిగలాడే ఆ పెనం మీద దోసె బతిమాలకుండానే లేచి వచ్చేది. ఆమె దాన్ని గుడ్డతో తుడిచేది తప్ప, సబ్బు ముఖం చూపించి ఎరుగదు.

ఆయుధపూజ వచ్చింది. మా జిల్లాలో ఆనాడు ఆటో మొదలుకొని కొడవలి దాకా స్నానం కానిదే ఏదీ బొట్టు పెట్టించుకోదు. తల్లి పూలకని బజారుకు పోయిన వేళ కొడుకు మోహన్‌కుమార్‌కు భక్తి పొంగింది. ఇత్తడి దీపాలతోపాటు పెనాన్నీ చింతపండు పెట్టి తోమి, సబ్బుతో, ఇనుప పీచుతో తెల్లబడేదాకా గీకాడు. విభూతి దిద్ది దేవుడి ముందు నిలబెట్టాడు.

చిన్నవెంకటమ్మ వచ్చి చూసింది.

"ఎవురు తోమింది దీన్ని?"

"నేనేమ్మా. ఎంత మడ్డి వచ్చిందో తెలుసా!"

"అది మడ్డి కాదురా, నా జీవనం! పులుపు పెట్టి తోమేదానికి అదేమన్నా దేవుని చెంబా?"

తెల్లారేసరికి పెనం మీద ఎర్రగా తుప్పు లేచింది. తుడిచి పిండి పోస్తే, పట్టుకున్నది వదల్లేదు. రోజూ వచ్చే ఆటో నంజుండప్ప తన ప్లేటులోని ముక్కలను చూశాడు.

"ఏమక్కా, దోసె అడిగితే చిత్రాన్నం పెట్టినావే?"

"తింటే తిను, లేకుంటే యాడికన్నా పో!"

పోయాడు. ఊరికే పోలేదు, మరో నలుగురిని ఆటోలో ఎక్కించుకుని ఇంకో హోటలుకు పోయాడు.

మోహన్‌కుమార్ ప్రాయశ్చిత్తంగా స్టెయిన్‌లెస్ స్టీలు పెనం తెచ్చాడు. తుప్పు పట్టదు, పులుపుకు చెడదు, కింద పడినా పగలదు అన్నాడు. మూడూ నిజాలే.

"ఇన్ని గుణాలుండాయి గదా, మరి దోసె ఎందుకు లేయదురా?"

మంట తగిలిన చోట దోసె మాడింది, అంచున పచ్చిగా ఉండిపోయింది. పోత ఇనుము నిదానంగా వేడెక్కి, ఆ వేడిని పొదుపు చేస్తుంది. ఈ పల్చటి స్టీలు వచ్చిన వేడిని వచ్చిన చోటే ఖర్చుపెట్టి, పిండి పడగానే చల్లబడుతుంది.

చిన్నవెంకటమ్మ వ్యాపారం ఆపేసింది. కొడుకు చేత సెలవు పెట్టించి, పాత పెనం ముందు కూర్చోబెట్టింది.

"నూనె రాయి. తుడువు. పొగ వచ్చేదాకా కాల్చు. ఇంగా రాయి."

"ఓవెన్లో పెట్టాలని ఫోన్లో ఉండాదమ్మా."

"అయితే ఆ ఫోన్లోనే దోసె పోసుకో!"

సగానికి కోసిన ఉల్లిగడ్డతో రుద్ది రుద్ది అతడి కళ్లు ఎర్రబడ్డాయి. పశ్చాత్తాపమో ఉల్లిగడ్డో విచారణలో తేలలేదు.

ఆదివారం పొద్దున పెనం మళ్లీ నల్లబడింది. దోసె అంచు తనంతట తానే లేచింది. నంజుండప్ప వచ్చి, ముఖం చాటేసుకునే మూడు తిన్నాడు. మోహన్‌కుమార్ ప్లేటు పట్టుకుని వెనక నిలబడ్డాడు.

"నువ్వు కూచో నాయనా. నీకు స్టీలుదాంట్లో పోస్తా" అంది తల్లి.

పోసింది. అతడు గరిటెతో గీక్కుని తిన్నాడు.