పక్కింటి చాచా, నా గుర్రం

నిన్న తెల్లారి మా పక్కింటి చాచా పోయాడు. నరసరావుపేట స్టేషను కాడ జట్కాలు తోలేవాళ్ళమంతా బళ్ళు విప్పేసి వెంట నడిచాం, మట్టి ఇచ్చి వచ్చాం. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపుతో పాటు కుళ్ళు కూడా వచ్చింది. పోయిన మనిషి మీద కుళ్ళేందని అడుగుతారేమో, చెప్తాను.

యుద్ధం రోజుల్లో చిలకలూరిపేటలో ఒక ఆడగుర్రాన్ని కొన్నాను. మేపింది నేను, మాలీసు చేసింది నేను. ఎండలు ముదిరేసరికి అది గోడలు నాకడం, మట్టి తినడం మొదలుపెట్టింది. చెమట పట్టిన నా తువ్వాలు కూడా నమిలేసింది. ఒకరోజు స్టేషనుకు పోతుంటే తూలి, నడిరోడ్డు మీద మోకాళ్ళ మీద పడింది. బండి ఎక్కినవాళ్ళు దిగిపోయారు. ఇక దీన్ని అమ్మేసుకోవడమే అనుకున్నా.

వెనకాలే కూలికి షావుకారు బండి తోలుకొస్తున్న చాచా ఆపి దిగాడు. దాని మెడ తడిమి చూశాడు.

"ఒరేయ్, దీనికి ఉప్పేమన్నా పెడతన్నావా?"

"గుర్రానికి ఉప్పేంది చాచా?"

"చెమటంతా ఉప్పే కదరా. పోయింది మళ్ళీ పెట్టకపోతే ఏం లాగుద్ది?"

నీడకు చేర్చి, నీళ్ళలో కాస్త ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాపాడు. పొద్దుగూకేలోపు లేచి నిలబడింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మా ఇంటికొచ్చేవాడు. ఉడకబెట్టిన ఉలవల్లో అర గుప్పెడు కల్లుప్పు, చానా ఎండగా ఉంటే గుప్పెడు. పక్కన తొట్టినిండా నీళ్ళుండాల్సిందే. సైంధవ లవణం గడ్డ ఒకటి మేత వేసే గాడి దగ్గర కట్టి, "కావాల్సినంత అదే నాక్కుంటది, నీ పెత్తనం వద్దు" అన్నాడు. ఎముక బలానికి ఉప్పొక్కటే చాలదని పిల్లిపెసర మేత కూడా వేయించేవాడు.

గుర్రం నిగనిగలాడింది. కానీ నాది కాకుండా పోయింది. ఆయన చెప్పుల చప్పుడుకే సకిలించేది. నేను పిలిస్తే చెవి కూడా తిప్పేది కాదు.

"ఏందయ్యా, గుర్రం దగ్గర కూడా కుళ్ళేనా?" అని మా ఆవిడ నవ్వేది.

ఒకసారి ఉండబట్టలేక, "చాచా, నువ్వే తోలుకుపోరాదా" అన్నా. ఆయన నవ్వలేదు.

"మీ చాచీ పోయినాక పొద్దున్నే నా కోసం ఎదురుచూసేది ఇదొక్కటేరా. ఆ మాత్రం ఓర్చుకో."

ఓర్చుకున్నాను. కుళ్ళు మాత్రం పోలేదు.

ఈ పొద్దున నేనే అరచేతిలో ఉప్పు పోసుకుని దాని ముందు నిలబడ్డాను. వాసన చూసింది. కాసేపటికి గరుకు నాలిక నా చేతికి తగిలింది. నాకుతూనే ఉంది. కళ్ళు మాత్రం నా భుజం మీదుగా పక్కింటి తలుపు వైపే చూస్తున్నాయి.