మా నాయన ఉప్పు మానేసిన ఎండాకాలం

మొన్న పొద్దున పక్కవీధిలో కొత్తగా పోసిన స్లాబు మీదికి నీళ్లు పారుతుంటే చూస్తూ నిలబడిపోయినాను. ఆ ఇంటాయన కుర్చీలో కూర్చుని మోటారు స్విచ్చి నొక్కినాడు, అంతే, స్లాబంతా చెరువైపోయింది. క్యూరింగమ్మా, బాగా తడపకపోతే గట్టిపడదు అని నాకు పాఠం చెప్పబోయినాడు. నాకా చెప్పేది! మార్కాపురం ఎండల్లో ఒక్కొక్క బిందె నిచ్చెనెక్కించి స్లాబు తడిపినదాన్ని నేను.

మా ఇంటికి స్లాబు పడిన రోజున ఆనవాయితీ ప్రకారం యాటను కోసి పనివాళ్లందరికీ అన్నం పెట్టినాం. మిగిలిన మాంసాన్ని మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి ఎండలో వేలాడదీసింది. ఉప్పు సరిగ్గా పడితే ఉప్పుకండ ఏడాదైనా చెడదని ఆమె ధీమా. ఆ మర్నాడో, ఆ పై మర్నాడో నాయన కళ్లు పచ్చగా ఉన్నాయని అమ్మ కనిపెట్టింది.

కామెర్లు! ఆ మాట వినగానే జేజి నాయనను చెయ్యి పట్టుకొనిపోయి మంచంలో పడుకోబెట్టింది. ఆమె పెద్దకొడుకు, మా పెద్దనాయన, ఆ జబ్బుతోనే పోయినాడు. కొంచెం తేరుకోగానే పథ్యం మాని పొలానికి పోయినాడట, మళ్లీ లేవలేదు. ఇంక ఆమెకు మిగిలింది నాయన ఒక్కడే.

డాక్టరేమో మంచం దిగొద్దన్నాడు, తర్లుపాడులో పసరు పోసినామె ఉప్పూ నూనే కారమూ ముట్టొద్దనింది. నాయన వింటే గదా! నీళ్లు పట్టకపోతే స్లాబు పగుళ్లిస్తుందని దిగులుపడి, తూలుకుంటూ లేచి బిందె అందుకునేవాడు. ఇల్లు పగిలితే అతికించుకుందాం లేరా, నువ్వు పోతే ఈ ఇంటిని నేనేం చేసుకోవాల అని జేజి అరిచిన అరుపు వీధంతా వినపడింది. అందరికంటే ముందు పక్కింటి సాయిబుల అత్త తన బిందెతో వచ్చింది, ఆమె వెనక వీధి ఆడవాళ్లందరూ వచ్చినారు. తాగే నీళ్లకే కటకటలాడే ఊర్లో, పంపు దగ్గర కొట్లాడి పట్టుకున్న నీళ్లను మా స్లాబు మీద కుమ్మరించినారంటే ఇప్పటివాళ్లు నమ్మరు. పైనుంచి నీళ్లు కారే చప్పుడు వింటేగాని నాయన కన్ను మూసేవాడు కాదు.

చప్పిడి కూడు తిని తిని ఆయన నాలుక చచ్చిపోయింది. పైగా ఎదురుగా ఆ ఉప్పుకండల వాసనొకటి! ఒక్క ముక్క నిప్పుల మీద కాల్చి పెట్టమని చంటిపిల్లోడి మాదిరి జేజిని బతిమాలినాడు. కొడుకులకు ఏనాడూ లేదనని మనిషి, దండ దండంతా తీసుకుపోయి సాయిబుల అత్తింట్లో పెట్టి వచ్చింది. నాయన అలిగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

మెల్లమెల్లగా కళ్లు తెల్లబడినాయి. ఇంక భయం లేదు, అన్నీ తినొచ్చని డాక్టరు చెప్పిన రోజున, అబ్బ, గుండెల మీద బండ దించినట్లయింది ఇంటిల్లిపాదికీ! సాయిబుల అత్త ఆ దండను తనే తెచ్చి ఇచ్చింది. అమ్మ నాలుగు ముక్కలు వంకాయలో వేసి వండింది. నాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. అప్పుడు జేజి తన కంచం ముందుకు జరిపి, ఇంక నాకూ ఉప్పేసి పెట్టండమ్మా అనింది. అందరూ తిన్నాక వంటింట్లో ఒక్కతే కూర్చుని తినేది గనక, అన్ని దినాలూ ఆమె కూడా చప్పిడే తిన్నదని ఎవరం గమనించలేదు. అమ్మ గరిటె పట్టుకొని అట్లనే ఏడ్చేసింది.

ఇప్పుడు కామెర్లొస్తే రక్తం తీసి సాయంత్రానికల్లా సంగతేందో చెప్పేస్తున్నారు, జబ్బు ముదరక ముందే మందులిస్తున్నారు. మంచిదే, మా పెద్దనాయన లాంటివాళ్లు బతుకుతున్నారు, ఆ కాలమే గొప్పదని నేననను. పోయినేడు నాకు బీపీ ఎక్కువై ఉప్పు మానేయమన్నారు. నేను చప్పిడి పప్పు కలుపుకుంటుంటే నా పక్కన ఇంట్లోవాళ్లందరూ ఆవకాయ కలుపుకున్నారు. వాళ్ల తప్పేముంది పాపం, జబ్బు నాది గదా. అయినా ఆ పూట జేజి కంచం కళ్లముందు కదిలింది నాకు.