క్యాసెట్టులో సగం కథ

మొన్న మా బడిలో ఏడో తరగతి గోడకు గుమ్మమంత తెర ఒకటి బిగించి వెళ్ళారు. నల్లబల్లను ఊడదీసి వరండాలో నిలబెట్టారు, కొత్త సోఫా రాగానే పాత నులకమంచాన్ని గోడకు ఆనించినట్టు. ఈ తెర బొమ్మలు చూపించడమే కాదు, మనం తెలుగులో మాట్లాడితే విని అక్షరాలు కూడా రాస్తుందట. బిగించినాయన ఒక వాక్యం చెప్పాడు, రాసింది. నేను చెప్పాను, రాసింది. ముందు బెంచీలో పిల్లను లేపి, నీకు తోచింది చెప్పమన్నాను. పొద్దున్న వాళ్ళ నాన్న చేపల వేటనుంచి వచ్చిన వైనమంతా ఆ పిల్ల ఇంట్లో చెప్పుకున్నట్టే గబగబా చెప్పింది. తెర కాసేపు ఆగి, మళ్ళీ చెప్పండి అంది. పిల్ల ఈసారి నెమ్మదిగా చెప్పింది. మళ్ళీ చెప్పండి అంది తెర. మూడోసారికి ఆ పిల్ల నోరు మూసుకుని నావంక చూసింది.

ఆ చూపు నేనెరుగుదును. తొంభైల మధ్యలో, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పిల్ల నన్నిలాగే చూసింది. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని అప్పుడు వేధించింది ఏ తెరా కాదు, నేనే.

మా నాన్న ఉక్కు కర్మాగారంలో పని దొరికి గోదావరి జిల్లానుంచి వచ్చి, గోపాలపట్నంలో ఇల్లు కట్టుకున్నవాడు. మా అమ్మ ఈ ఊరి నీళ్ళు తాగింది, ఈ ఊరి చేపలు తింది గాని, ఈ ఊరి మాటను మాత్రం గడప దాటి లోపలికి రానిచ్చేది కాదు. వీధిలో ఆడుకొచ్చి పొరపాటున ‘ఏటి’ అన్నానా, వీపు మీద ఒకటి పడేది. ‘అండీ’ లేని మాట మా ఇంట్లో ఉప్పులేని పప్పుతో సమానం. అలా పెరిగి, తెలుగు ఎం.ఏ. చదివి, ఆ మాటే అసలైన తెలుగన్న పొగరుతో, సముద్రపు ఒడ్డున జాలరిపేటను ఆనుకుని ఉన్న బడిలో తెలుగు టీచరునయ్యాను. మద్దిలపాలెంలో బస్సు మారి, దిగింతర్వాత ఇసుకలో చెప్పులు చేత పట్టుకుని నడిచి, మొదటి గంటకు ముందే చేరేదాన్ని. నాకు నోరెక్కువని మావాళ్ళంతా అనేవారు. అబద్ధమని నేనెన్నడూ వాదించలేదు, మిగతా అన్నిటి మీదా వాదించాను గాని.

చేరిన రెండో ఏడే బడికి ఒక టేప్‌రికార్డరూ, ఒక పెట్టెడు పాఠాల క్యాసెట్లూ వచ్చాయి. మా హెడ్మాస్టరుగారు దానికి గుడ్డ తొడిగి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. దసరాకు బయటికి తీసి, కుంకుమ బొట్టు పెట్టి, మళ్ళీ లోపల పెట్టారు. దాన్ని తరగతికి ఇమ్మని నేను పోరుతుంటే, పదిమంది చేతులు పడితే పాడైపోతుందమ్మా అనేవారు. ఎవరి చెయ్యీ పడకపోతే ఈ ఉప్పుగాలికి బీరువాలోనే తుప్పు పడుతుందండీ, అప్పుడు బొట్టుతోపాటు పూలదండ కూడా వేద్దురుగాని అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు పెద్దాయన. ఎనిమిదోనాడు తాళంచెవి నా టేబులు మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ డబ్బా తరగతిలోకి వచ్చిన రోజులు మన తరంవాళ్ళకు వర్ణించి చెప్పనక్కర్లేదు. ఊడొచ్చిన టేపును పెన్సిలు దూర్చి వెనక్కి చుట్టిన వేళ్ళు మనవి. కరెంటు లేకపోతే లావుపాటి బ్యాటరీలు ఆరు వేసేదాన్ని, అవి నీరసిస్తే పాఠం చదివే ఆయన గొంతు జ్వరం వచ్చినట్టు మూలిగేది, పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ పాఠాలు చాలించి, పిల్లల గొంతులే ఎక్కించి వాళ్ళకే వినిపించాలన్న ఆలోచన వచ్చింది నాకు. మంచి ఆలోచనే. ఇప్పటికీ అలాగే అంటాను.

ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న వేటకు వెళ్ళేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. రాయమంటే పెన్ను చివర కొరుక్కుంటూ కూర్చునేది గాని, నాయనమ్మ దగ్గర విన్న కథ మొదలుపెట్టిందంటే పక్క తరగతి పిల్లలు కూడా కిటికీకి వేలాడేవాళ్ళు. ఆ రోజుల్లోనే మద్దిలపాలెంలో బడులన్నిటికీ కథలు చెప్పే పోటీ పెట్టారు. ఈ పిల్ల గెలుస్తుందని నాకు తెలుసు. కాకపోతే ఆ పేట మాటతో వేదిక ఎక్కిస్తే పెద్దలు నవ్వుతారని నా భయం. టేపు మీద తన మాట తానే వింటే తప్పులు తనకే తెలుస్తాయనుకున్నాను. పిల్లను కూర్చోబెట్టి, రెండు మీటలూ కలిపి నొక్కాను.

ఒక ముసలమ్మ కథ అది. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది, కొడుకైనా దక్కాలని, ఒడ్డున గాలి నిద్రపోతుండగా దాన్ని ఎత్తి కుండలో పెట్టి మూత వేసేసింది. గాలి లేక ఊళ్ళో తెరచాపలన్నీ వేలాడిపోయాయి, పడవలు ఇసుకలో ఉండిపోయాయి, ఇళ్ళల్లో పొయ్యిలు ఆరిపోయాయి. కొడుకు వెతికి వెతికి చివరికి అటక మీద కుండను చూశాడు, మూత మీద చెయ్యి వేశాడు. అక్కడ టేపు అయిపోయి మీట ఠక్కున పైకి లేచింది. అరగంట టేపు అంత చిన్న కథకు ఎందుకు చాల్లేదో ఆ నిమిషాన నాకు తట్టలేదు. మిగతాది మాట దిద్దుకున్నాక చెబుదువులే అన్నాను.

మర్నాడు తరగతి మొత్తానికీ వినిపించాను. మధ్యమధ్య ఆపి, ఇదిగో ఇక్కడ తప్పు, ఇదిగో ఇక్కడ అని చూపించాను. ఒక చోట ఆ పిల్ల గొంతును అనుకరించి కూడా చూపించాను. తరగతి గొల్లుమంది. నవ్విన ప్రతి పిల్లా ఇంట్లో అదే మాట మాట్లాడే పిల్లే, టీచరు నవ్వుతోంది గనక వాళ్ళూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. నావంక ఒక చూపు చూసి కూర్చుంది.

ఆ తర్వాత తరగతిలో ఆ గొంతు వినపడలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. మొండితనం అనుకుని రెండు మాటలన్నాను కూడా. పోటీకి వేరే పిల్లను పంపించాను, ఆ పిల్ల ఏమీ గెలవకుండా తిరిగొచ్చింది.

పది రోజులకు వాళ్ళమ్మ వచ్చింది. గంప వరండాలో దించి, తడి చెంగుతో చేతులు తుడుచుకుని, గుమ్మంలోనే నిలబడింది.

“మా గుంట ఇంటికాడ కూడా నోరిప్పట్నేదు టీచరమ్మా. ఏటయ్యింది దానికి?”

పోటీ కోసం మాట దిద్దుతున్నానమ్మా, దాని మంచికే అన్నాను. అదీ ఇదీ చెప్పాను, చదువు అన్నాను, ఉద్యోగం అన్నాను. అన్నీ విని ఆవిడ బల్ల మీది డబ్బా వైపు చూసింది.

“దాని మాట ఆ పెట్టిలో ఉందంట గదా. ఓపాలి ఎయ్యండి, ఇంటాను.”

వేశాను. గుమ్మానికి ఆనుకుని, కళ్ళు మూసుకుని, అరగంటా కదలకుండా విన్నది. ఆవిడ వింటోంది గనక నేనూ మొదటిసారి ఆపకుండా విన్నాను. ‘అప్పుడా ముసిల్ది గాలిని కుండలో ఎట్టేసి’ అని పిల్ల గొంతు ఉరకలేస్తూ మొదలయ్యేది. ఆగు, పెట్టేసి, మళ్ళీ చెప్పు అనే గొంతు ఒకటి దాని మీద పడేది. పిల్ల మళ్ళీ మొదలెట్టేది. ఆగు. కాదు. మళ్ళీ చెప్పు. రానురాను పిల్ల గొంతు సన్నబడిపోయింది, ఆ రెండో గొంతు అలాగే ఉంది. అంత కరుగ్గా, అంత ఎకసెక్కంగా మాట్లాడే ఆడమనిషి ఎవరా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను.

మీట లేచాక ఆవిడ కళ్ళు తెరిచింది.

“ఇందులో మా గుంట మాట తక్కువుంది టీచరమ్మా. మీదే ఎక్కువుంది.”

కోపంగా అనలేదు. తూకంలో తేడా ఉందని చెప్పినట్టు చెప్పింది. చెప్పి, గంప ఎత్తుకోవడానికి నన్నే ఒక చెయ్యి పట్టమంది. పట్టాను.

పిల్ల బడి మానలేదు, అంతవరకు నా అదృష్టం. పదో తరగతి పాసయింది కూడా. బడిలో చివరి రోజున వరండాలో ఆపి, ఆ కథ ఎక్కడో ఆగిపోయింది గదా, మూత తీశాక ఏమయిందో చెప్పవా అని బతిమాలినట్టే అడిగాను. టేప్‌రికార్డరు నా చేతిలో లేదు. ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడి, ఒక్క అక్షరం తడబడకుండా, అచ్చం మా అమ్మలా చెప్పింది.

“నాకు జ్ఞాపకం లేదండీ.”

అంతకంటే శుద్ధమైన తెలుగు నా దగ్గర చదివినవాళ్ళెవరూ ఇంతవరకూ మాట్లాడలేదు.

తర్వాత రెండువేలల్లో కంప్యూటర్లు వచ్చాయి, వాటి గదికీ తాళాలు పడ్డాయి, ఆ తాళాల కోసమూ నేను పోట్లాడాను. యంత్రాలంటే నాకు ఆనాడూ భయం లేదు, ఈనాడూ లేదు. కాకపోతే పిల్లల చేత మాట్లాడించేటప్పుడు మధ్యలో నోరు పెట్టకుండా ఉండడం నేర్చుకున్నాను. చూసినవాళ్ళు వయసుతో మెత్తబడ్డానంటారు.

మొన్న ఆ తెర ఆపించి, పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుని, నాకు చెప్పవే అన్నాను. వాళ్ళ నాన్న వల సంగతి మొదటినుంచీ చెప్పింది. ఒక్క మాట కూడా నాకు అర్థం కాకుండా పోలేదు. అంతా అయ్యాక, ముసలమ్మ గాలిని కుండలో మూసేసిన కథ మీ ఇంట్లో ఎవరైనా చెప్పగా విన్నావా అని అడిగాను.

“మా ఇంట్లో కతలెవలూ సెప్పరు టీచర్. ఫోన్లో సూత్తాం.”

అప్పటి క్యాసెట్టు నా బీరువాలో ఉంది. వేసి వినడానికి డబ్బా లేదు, ఫోనులోకి ఎక్కించి ఇస్తామనేవాళ్ళున్నా నేనే ఇవ్వలేదు. అందులో నా గొంతు నాకు కంఠతా వచ్చు. రానిది ఆనాటి పిల్ల చెప్పకుండా దాచుకున్న రెండో సగమే. గాలి బయటికొచ్చి కొడుకును దరి చేర్చిందో, ముంచిందో, ఆ ముసలమ్మ ఏమయిందో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళుగా వాడు ఆ అటక కింద అలాగే నిలబడి ఉన్నాడు, మూత మీద చెయ్యి పెట్టుకుని.