చాటలో బూట్లు

మొన్న మా మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఫోన్లో ఏదో చూస్తూ, “అవ్వా, ఇట్రా, ఈమెను చూద్దువు” అని పిలిచింది. ఐస్‌లాండ్ అనే చలిదేశంలో ఫుట్‌బాల్ ఆడిన ఆవిడట. జట్టులో అందరికంటే ముందుండి గోల్ కొట్టడం ఆమె పని. పలకా బలపం పట్టే వయసులో ఇంటి వెనక బంతి తన్నడం దగ్గర్నుంచి, దేశం తరఫున ఆడడం, మోకాలికి ఆపరేషనై లేవడం, బిడ్డను కని మళ్ళీ మైదానంలోకి దిగడం, అన్నీ వరసగా చూపించారు. చివర్లో ఆమె ఆట చాలించుకుంటున్న రోజు. జనమంతా లేచి చప్పట్లు. వాళ్ళ నాయన కాబోలు, ఒక ముసలాయన ముక్కు చీదుకుంటున్నాడు. “ఏడుపొస్తాంది కదవ్వా” అంది పిల్ల. నాకు రాలేదు. పొయ్యి మీద పాలు పెట్టానని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. పాలు లేవు, ఏమీ లేవు. మా అక్క గుర్తొస్తే నాకిలాగే అవుతుంది. దుఃఖం అందామంటే దుఃఖం కాదు, కోపమూ కాదు. కాలు తిమ్మిరెక్కితే అది మన కాలు కానట్టు ఉంటుంది చూడండి, అట్లా.

అక్క అంటే మా పెదనాయన కూతురు. ఆళ్లగడ్డ పక్కన పల్లెలో వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. డెబ్బైల్లో మేమిద్దరం నంద్యాలలో మిషన్ వాళ్ళ ఆడపిల్లల బళ్ళో, హాస్టల్లోనే ఉండి చదువుకున్నాం. అక్క నాకంటే పై క్లాసు. అంతవరకు ఆ బళ్ళో ఆడపిల్లలకు ఆటంటే రింగు విసురుకోవడం, ఖోఖో, అంతే. ఒక ఏడు కొత్తగా డ్రిల్లు మేడం వచ్చింది. మగపిల్లల బడిలో అడిగి తెచ్చిన పాత ఫుట్‌బాల్ ఒకటి మా మధ్యకు దొర్లించి, “తన్నండి” అంది. మేమంతా సిగ్గుపడి ఒకరి వెనక ఒకరం నక్కాం. అక్క ఒక్కతే లంగా ఎత్తి దోపుకుని, నాలుగడుగులు వెనక్కు వేసి ఒక్క తన్ను తన్నింది. బంతి నాపరాళ్ళ ప్రహరీ దాటి, వార్డెనమ్మ ఎండబెట్టుకున్న మిరపకాయల మీద పడింది. ఆ పూట మా ఇద్దరికీ గంజే గతి. నన్నెందుకు శిక్షించారో ఇప్పటికీ తెలియదు. చెల్లెల్నైన పాపానికి కాబోలు.

ఇంట్లో అక్క నోట్లో నాలుక లేని మనిషి. కూర్చోమంటే కూర్చుంటుంది, లేవమంటే లేస్తుంది. బంతి దగ్గరికొస్తే మాత్రం ఎవరి మాటా వినేది కాదు. ఉత్త కాళ్ళతో, గులకరాళ్ళ నేల మీద ఆడేవాళ్ళం. బట్టలారేసే గుంజలే గోల్‌పోస్టులు. అక్క గోల్ ముందు నిలబడ్డ పిల్ల ముఖం చూసేది కాదు, పాదాలు చూసేది. ఆ పిల్ల ఏ కాలి మీద బరువేసిందో కనిపెట్టి ఆ పక్కకే కొట్టేది. “బరువేసిన కాలు బేగా లేయదు మే” అని నాకొక్కదానికే చెప్పింది, ఎవరికో తెలిస్తే కొంప మునుగుతుందన్నట్టు. కర్నూలు బళ్ళ మీద ఆడి గెలిచాం. గోడెక్కి కూతలు కూసే మగపిల్లలు నోరు మూసుకుని ఆట చూడడం మొదలుపెట్టారు. ఒకసారి అన్నం తింటూ అడిగాను, పెద్దయ్యాక ఏం కావాలక్కా నీకు అని. “ఆడాల” అంది. ఆడి? అన్నాను. “మళ్ళా ఆడాల” అంది. టీచరు కావాలనో, పెద్దింటి కోడలు కావాలనో మిగతా పిల్లలు చెప్పుకునేవాళ్ళు. అక్కకు అవేమీ అక్కర్లేదు.

రాష్ట్రం జట్టులోకి ఆడపిల్లలను ఎంపిక చేస్తున్నారని, క్రిస్మస్ సెలవులు కాగానే కర్నూలులో ఆడించి చూస్తారని మేడం ఒకరోజు చెప్పింది. అక్కడ ఉత్త కాళ్ళతో ఆడనివ్వరట. మేడం అక్క పాదాన్ని కాగితం మీద పెన్సిలుతో గీసుకుని, హైదరాబాదులో ఉన్న వాళ్ళ తమ్ముడికి పంపి, బూట్లు తెప్పించింది. నల్లటి తోలు, అడుగున గుబ్బలు. “సెలవుల్లో ఇంటి దగ్గర రోజూ తొడుక్కుని నడువు, లేకపోతే కరుస్తాయి” అంది. ఆళ్లగడ్డ బస్సులో అక్క వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు పట్టుకోవడానికి కూడా ఇవ్వలేదు. పొద్దున్నే అరుగు నుంచి ఎద్దులు కట్టేసే గాడిపాడు దాకా టకటకలాడిస్తూ తిరిగితే కోళ్ళు కెక్కెక్కెమంటూ పారిపోయేవి. పెదనాయన మురిసిపోయాడు. రోజూ తనే వాటికి ఆముదం రాసి తుడిచేవాడు. దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాడు. “మా పాప కాలి కొలత తీసుకొని హైదరాబాదులో చేసినారప్పా!” అనేవాడు. చివరికి కాకరకాయలమ్మే ఆమెను కూడా వదిలిపెట్టలేదు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఇంట్లోకి ఏది కొత్తగా వచ్చినా అందులో మొదటిది దేవునికి. మొదటి జొన్నకంకి, పెట్ట పెట్టిన మొదటి గుడ్డు, తీగకు కాసిన మొదటి గుమ్మడికాయ. కోతల పండగ నాడు వాటిని చాటల్లో పెట్టుకుని ఇంటికొకరు వరసగా నడిచి వెళ్ళి చర్చిలో ముందు పెడతారు. అయ్యగారు ప్రార్థన చేస్తారు. ఆరాధన అయ్యాక బయట వేలం. ఒక్కటే కట్టడి, ఎవరిచ్చింది వాళ్ళు పాడుకోకూడదు, ఇచ్చి మళ్ళీ తీసుకున్నట్టవుతుందని. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. పెదనాయన జొన్న మోకాలెత్తు దాటకుండానే మాడిపోయింది. చర్చికి ఉత్త చేతులతో ఎట్లా పోయేదని ఆయన వారం రోజులుగా అన్నం సరిగా తినలేదు. మా సెలవుల్లోనే వచ్చిన ఆ పండగ రోజు పొద్దున మాత్రం చాలా హుషారుగా ఉన్నాడు. ఎందుకో మాకు తెలియదు.

అక్కా నేనూ, మాయమ్మా ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. వరస కదిలింది. గుమ్మడికాయలు, కోళ్ళు, కందులు. వాటి మధ్య మా పెదనాయన, తెల్ల పంచె కట్టుకుని, రెండు చేతులా చాట పట్టుకుని వస్తున్నాడు. చాటలో కొత్త తువ్వాలు పరిచి, దాని మీద అక్క బూట్లు. ఆముదానికి నిగనిగలాడుతున్నాయి. ఒక్కో బూటులో ఒక్కో బంతిపువ్వు. మా దగ్గరికి రాగానే ఆయన తల తిప్పి అక్క చూస్తోందా లేదా అని చూశాడు. ఆ ముఖంలో వెలుగు నేను మళ్ళీ ఎవరి ముఖంలోనూ చూడలేదు. వాళ్ళింట్లోకి ఆ ఏడు వచ్చిన మొదటి ఫలం అదొక్కటే మరి. బడివాళ్ళు ఇచ్చినవి కాబట్టి బడివాళ్ళే ఇంకో జత ఇస్తారని ఆయన లెక్క. అయ్యగారికి ఒక్క క్షణం ఏం చేయాలో తోచలేదు, తర్వాత బూట్ల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఎవరూ నవ్వలేదు.

బయట వేలం మొదలయింది. పక్కూరి రైతొకాయన బూట్లు తిప్పి చూసి, గుబ్బలు గోటితో గీరి, “కంప కొట్టనీకి బాగుంటాయి, ముల్లు దిగదు” అన్నాడు. మాయమ్మ ఉండబట్టలేక పాట పాడడానికి ముందుకు కదిలింది. తను పాడితే కట్టడి అడ్డు రాదు. అక్క చెయ్యి పట్టుకుని ఆపేసింది.

“వద్దు చిన్నమ్మా. నాయన మొగం చూడు.”

“మొగం చూస్తే నీ ఆట ఏం కావాలమ్మే?” అంది మాయమ్మ.

అక్క పట్టుకున్న చెయ్యి వదల్లేదు. రైతు బూట్లు చంకలో పెట్టుకుని ఎడ్లబండి ఎక్కాడు.

కర్నూలులో మేడం బూట్లేవని అడిగింది. నాయన పేరు చెబితే ఆయన మీదికి పోతుందని అక్కకు భయం. “పోగొట్టుకుంటి మేడం” అంది. మేడం కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. “అయితే నీకు ఆట అక్కర్లేదన్నమాట” అని ముఖం తిప్పుకుంది. ఎవరో పిల్ల బూట్లు అడిగి, వేళ్ళ దగ్గర గుడ్డపీలికలు కుక్కి అక్క మైదానంలోకి దిగింది. నేను గీత అవతల కూర్చున్నాను. బంతి ఒకసారి చక్కగా దొరికింది. ఎదుటి పిల్ల ఎడమ కాలి మీద బరువేసి ఉంది, అంత దూరం నుంచి నాకే కనిపించింది. అక్క కొట్టింది. బూటు లోపల పాదం తిరిగింది. బంతి పక్కకు దొర్లుకుంటూ పోయింది, చీలమండ వాచింది. సాయంత్రం చదివిన పేర్లలో అక్క పేరు లేదు. తిరుగు బస్సులో నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే అక్క శెనక్కాయలు ఒలిచి నా చేతిలో పెడుతూ కూర్చుంది. ఆ ముఖంలో ఏమీ లేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఆమె మళ్ళీ బంతి ముట్టలేదు. మేడం వేరే ఊరు వెళ్ళిపోయింది. అక్క నర్సు ట్రైనింగైపోయి నంద్యాలలోనే ఆసుపత్రిలో చేరింది. ఏటేటా కోతల పండగకు పెదనాయన చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పడానికి లేచేవాడు. “పంట లేని ఏడు కూడా నా బిడ్డ నన్ను దేవుని ముందర తల దించుకోనియ్యలేదు” అని బూట్ల కథంతా చెప్పేవాడు. అక్క సెలవు పెట్టి మరీ వచ్చి, వినేది. నాకు లేచి అరవాలనిపించేది మొదట్లో. రానురాను అదీ పోయింది.

ఎనభైల చివర్లో పెదనాయన జబ్బుపడి అక్క పనిచేసే వార్డులోనే మంచం పట్టాడు. చూడ్డానికి వెళ్ళిన రోజు, కిటికీలోంచి పిల్లలు ఆడుకునే చప్పుడు వినిపిస్తుంటే ఉన్నట్టుండి అడిగాడు.

“బాగా ఆడుతాంటివి గదమ్మా. ఎందుకు మానుకుంటివి?”

అక్క దుప్పటి సర్దుతూ, “ఇష్టం పాయె నాయనా” అంది.

“నేనూ అట్లే అనుకుంటి” అని ఆయన తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. వారం తిరక్కుండానే పోయాడు.

ఇప్పుడు మావాళ్ళలో ఎవరినడిగినా, అక్క ఇష్టం లేక ఆట మానుకుందనే చెబుతారు. అక్కనడిగినా అదే చెబుతుంది, తడుముకోకుండా. కాదని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాక్కూడా కొన్నాళ్ళుగా అదే నిజమేమో అనిపిస్తోంది. కాలానికి ఇంత బలం ఉంటుందని వయసులో ఉన్నప్పుడు నాకు తెలియలేదు.